భాషోపాధ్యాయినియు గణకయంత్రమును

భాషను బోధించుచు జీవించు స్త్రీ యా వృత్తిని విడిచి కంప్యూటరునకుఁ బ్రోగ్రాములు వ్రాయుట నేర్వఁబూనినచో, ఇంటివారు మొదలుకొని యిరుగుపొరుగువారి వఱకు “తెలుఁగు చదివినదానికి లెక్కల యంత్రముతో నేమి పని?” యనుచుందురు. సోదరీమణులారా! ఈ మాట యెంతవఱకు నిజమో విచారింతము.

ప్రోగ్రామనఁగా యంత్రమున కిచ్చు నాజ్ఞల వరుస. గణితముకన్న ముం దిందుఁ గావలసినది, పనిని చిన్న విధులుగా విడఁదీసి క్రమము తప్పక చెప్పఁగల నేర్పు. వ్యాకరణము చెప్పు పంతులమ్మ నిత్యము చేయునది యిదియే గదా! మొదటి పదము చివర ఉకారమున్నదా? రెండవ పదము మొదట అచ్చున్నదా? రెండును ఉన్నచో ఉకారమును దీసి కలుపుము. ‘ఇతఁడు’, ‘ఎవఁడు’ అనునవి ‘ఇతఁడెవఁడు’ అగును. ఈ విధులనే యంత్రమెఱిఁగిన భాషలో వ్రాసిన నది యొక ప్రోగ్రాము.

అయినను భేదము లేకపోలేదు. ‘ఏమి’, ‘అంటివి’ అనునవి ‘ఏమంటివి’ యనియు, ‘ఏమియంటివి’ యనియు రెండు విధములఁ గూడును. విద్యార్థినికి సంధి వైకల్పికమని చెప్పి యూరకుండవచ్చును. ఏది వినసొంపో యామె చెవియే చెప్పును. యంత్రమునకుఁ జెవి లేదు; ఎప్పుడేది గ్రహింపవలయునో మనమే విధింపవలయును. 1991లో వెలువడిన పైథాన్ అను భాషయందుఁ బంక్తి మొదట విడువవలసిన చోటు తప్పినను బ్రోగ్రాము నడవకుండుటయో, యర్థము మాఱుటయో తటస్థించును. పిల్లల తప్పులలో సైత ముద్దేశమును గ్రహింప నలవడినవారి కీ కాఠిన్యము మొదట విసుగు పుట్టించును.

బడినుండి యీ మార్గమునకు వచ్చిన యొక విదుషి చరిత్రము తెలిసికొనఁదగినది. కేరెన్ స్పార్క్ జోన్స్ 1935లో ఇంగ్లండునందలి హడర్స్‌ఫీల్డున జన్మించెను. కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోఁ జరిత్రమును, పిదపఁ దత్త్వశాస్త్రమును జదివి, కొంతకాలము బడిలోఁ బాఠములు చెప్పెను. తరువాత మార్గరెట్ మాస్టర్‌మన్ నడపు భాషాపరిశోధన సంఘమునఁ జేరి, పర్యాయపదముల వర్గీకరణమునుగూర్చి 1964లో సిద్ధాంతవ్యాసము రచించెను. అమరకోశమును వర్గములుగా వల్లించిన మన కీ విషయము పరాయిది గాదు. 1972లో నామె యొక సూక్ష్మమును వెల్లడించెను: అన్ని వ్రాఁతలందును గానవచ్చు పదముకన్నఁ గొన్నింటనే కానవచ్చు పదము వెదకువారి కెక్కువ తోడ్పడును. వేయి వంటకముల వ్రాఁతలలో ‘ఉప్పు’ అని వెదకిన నించుమించుగా నన్నియు వచ్చును. ‘పనసపొట్టు’ అని వెదకినఁ గావలసినదే చేతికందును. సమాచారమును వెదకి పెట్టు యంత్రముల కీ తలఁపు పునాదులలో నొకటి. ఆమె 2007లో గతించెను.

ఇంతమాత్రమున నున్న యుద్యోగమును వెంటనే వదలవలదు. మూఁడు నెలలలోఁ గొలువిప్పింతుమని రుసుము లడుగువారిని నమ్మి నగలు కుదువఁ బెట్టరాదు. జీతము వచ్చుచుండఁగనే దినమున కొక గంట కేటాయించి, పద్యపాదమున గురులఘువులను గుర్తించు ప్రోగ్రామునైన స్వయముగా ముగించి చూడుఁడు. ఆ శ్రమయం దుత్సాహము నిలిచెనేని ముందడుగు వేయవచ్చును. నేఁడు యంత్రములే కొంతవఱకుఁ బ్రోగ్రాములు వ్రాయుచున్నవి గావున, వ్రాసినదానిలో దోషము పట్టఁగల దృష్టికి విలువ హెచ్చినది. ఉత్తరపత్రములు దిద్దిన చేతి కా దృష్టి కొంత యలవడియే యుండును. వృత్తి మాఱినంతమాత్రమున నేర్చిన వ్యాకరణము వ్యర్థము గాదు.