ప్రతిధ్వని పుట్టేది ఏ గదిలో?

గల్ఫ్‌లో ఉన్నవారికి క్యాసెట్లో మాటలు నింపి, సెలవు ముగించుకుని తిరిగి వెళ్ళేవారి చేతికిచ్చి పంపిన రోజులు మన ఇళ్ళల్లో చాలామందికి గుర్తే. నేడు మేము ఇక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, అక్కడి పిల్లలకు ఉర్దూ పాఠం చెబుతున్నాము. అయితే మొదట్లో ఒక చిక్కు వచ్చింది. మేము "ఖాఫ్" అనగానే, కాస్సేపటికి మా "ఖాఫ్" మాకే తిరిగి వినిపించేది. దక్కనీ నాలుక ఎలాగూ ఖాఫ్‌ను ఖే చేసేస్తుంది. ఆ తేడా నేర్పడానికే సగం పాఠం పోతుంది. పైగా ఈ ప్రతిధ్వని!

మైకు చెడిందనుకుని కొత్తది కొన్నాము. డబ్బు పోయింది గాని ప్రతిధ్వని పోలేదు. దోషం మా గదిలో ఉంటే గదా! మా గొంతు వారి స్పీకరులోంచి వెలువడి, వారి మైకులో దూరి, మా దగ్గరికి తిరిగి వస్తోంది. బాధ మాది, కారణం వారి గదిలో. వారికేమో అంతా చక్కగానే వినిపిస్తోంది.

ఇది పాత బాధే. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం మీదుగా మాట అవతలికి చేరడానికి పావు సెకను, తిరిగి రావడానికి మరో పావు సెకను పడుతుంది. ఆ కాలపు టెలిఫోన్లలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి దారి మూసేసేవారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మన్ మోహన్ సోంధి 1967లో మరో ఉపాయాన్ని వివరించారు. అవతలి నుంచి వచ్చే శబ్దం యంత్రానికి ముందే తెలుసు. అది ఏ రూపంలో తిరిగి వస్తుందో నేర్చుకుని, అంతమేరకు తీసివేస్తే సరి. అప్పటి ప్రతిధ్వని టెలిఫోను తీగల కూడలిలో పుట్టేది. నేటి గదికీ అదే లెక్క. దీన్నే ఎకో క్యాన్సలేషన్ అంటారు.

కనుక అమరికలో వరుస ముఖ్యం. మైకు శబ్దంలోంచి మొదట ప్రతిధ్వనిని తీయాలి, తర్వాత ఫ్యాను రొదను తగ్గించాలి, చివర గొంతు హెచ్చుతగ్గులు సరిచేయాలి. హెచ్చుతగ్గులు ముందే మారుస్తుంటే యంత్రం నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెడుతుంది. పాఠం మధ్యలో స్పీకరు వాల్యూమ్ తిప్పినా అంతే, మళ్ళీ నేర్చుకోవాలి. స్పీకరు బొంగురుపోయేంత పెంచితే ఆ బొంగురును లెక్కగట్టడం దానికి కష్టం. మైకు నోటికి దగ్గరగా, స్పీకరు మైకుకు దూరంగా ఉండాలి. ఇయర్‌ఫోను పెట్టుకుంటే ఈ తతంగమంతా దాదాపు అక్కరలేదు. కాని ముగ్గురు పిల్లలూ, వెనక కూర్చుని వినే నానీమా ఒకే ఇయర్‌ఫోనులో ఎలా వింటారు?

ఆ ఇంట అసలు దొంగ వేరే దొరికాడు. పెద్దబ్బాయి అదే గదిలో తన ఫోనులో కూడా పాఠంలో చేరాడు. ఫోను మైకులోకి వెళ్ళేది కంప్యూటర్ స్పీకరు శబ్దం. ఆ స్పీకరు ఏం పలుకుతోందో ఫోనుకు సరిగా తెలియదు, తీసివేయలేదు. ఫోను మైకూ స్పీకరూ రెండూ కట్టేయించాము. గోల ఆగింది.

ఒక్కటి మాత్రం నేటికీ పూర్తిగా కుదరలేదు. మాతో కలిసి పిల్లలు ఒకేసారి పలికితే, ప్రతిధ్వని ఏదో పిల్లల గొంతు ఏదో యంత్రం తికమకపడి, వారి అక్షరాన్ని సగం మింగుతుంది. అందుకే బృందంగా పలికించడం మానేశాము. మేము పలికి ఆగుతాము. వారిలో చిన్నది ముందు పలుకుతుంది, ఖాఫ్‌ను ఇంకా ఖే అనే అంటోంది.