సౌండీలు : నాట్యచరిత్రకు ఒక ఆధారము

పాటను వినుటతోపాటు చూచుటకై ప్రత్యేకముగా నిర్మింపబడిన పొట్టి చిత్రమును నేడు మ్యూజిక్ వీడియో అనుచున్నారు. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎం.టి.వి. ప్రసారములు ఆరంభమైన పిదపనే ఈ ప్రక్రియ పుట్టినదని పలువురి భావన. కాని అంతకు నలువదేండ్ల పూర్వమే ఆ దేశమున 'సౌండీ'లను పేర ఇట్టి చిత్రములు 1,800కు పైగా వెలువడినవి. బజారు వినోదమునకై పుట్టిన యీ చిత్రములు నాట్యచరిత్రకు ఎట్టి ఆధారములైనవో, ఆ ఆధారమునకు గల హద్దులేవో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ 1940లో 'పానోరామ్' అను యంత్రమును ప్రదర్శించెను. నిలువెత్తు బీరువా వంటి దానిలో 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, అద్దములు, ముందువైపున చిన్న తెర అమర్చబడి యుండెను. పానశాలలలోను, హోటళ్లలోను, బస్సు స్టేషన్లలోను దీనిని నిలిపిరి. పది సెంట్ల నాణెము వేసినచో సుమారు మూడు నిమిషముల చిత్రమొకటి ఆడెడిది. ఎనిమిది చిత్రములు ఒకే చుట్టగా అతుకబడి యుండుటచే చూపరికి ఎన్నుకొను వీలు లేకుండెను. వరుసలో ఏది వచ్చిన దానినే చూడవలసి యుండెను. కోరిన పాటను ఎన్నుకొను వసతి 1960లో ఫ్రాన్సులో వెలువడిన స్కోపిటోన్ యంత్రమున ఏర్పడినది.

బొమ్మ అద్దములలో ప్రతిఫలించి తెరపై పడునపుడు కుడియెడమలు తాఱుమాఱగును. అందుచే ప్రతులనే ముందుగా తాఱుమాఱుగా ముద్రించిరి. అట్టి ప్రతిని మామూలు ప్రొజెక్టరుపై ఆడించినచో పేర్లలోని అక్షరములు వెనుకకు తిరిగి కనిపించును. తాళపత్రమున వ్రాయసకాని అలవాటు ప్రతి పుట్టుకను పట్టియిచ్చునట్లు, ఈ తిరుగుడు అక్షరములు ఆ ప్రతి పానోరామ్ కొఱకు ముద్రితమైనదని తెలుపును. అక్షరములు లేని తునక మాత్రమే మిగిలినచో నర్తకుని కుడికాలిని ఎడమకాలిగా గ్రహించు ప్రమాదము కలదు.

సౌండీల విలువ ముఖ్యముగా నల్లజాతి కళాకారుల విషయమున కానవచ్చును. ఆ కాలమున హాలీవుడ్ పెద్ద చిత్రములలో వారి పాటలను తఱచుగా కథతో సంబంధము లేని విడిభాగములుగా తీసెడివారు. దక్షిణ రాష్ట్రములలోని ప్రదర్శకులు వానిని కత్తిరించినను కథకు లోటు వచ్చెడిది కాదు. సౌండీలో పాటయే చిత్రము. డ్యూక్ ఎల్లింగ్టన్, ఫ్యాట్స్ వాలర్, లూయీ జోర్డన్, డొరొతీ డాండ్రిడ్జ్ వంటివారి రూపమును, అభినయమును ఈ చిత్రములు నిలిపినవి.

1941లో ఎల్లింగ్టన్ వాద్యబృందముతో తీసిన 'హాట్ చాక్లెట్' ఇందుకు మంచి నిదర్శనము. ఇందు 'వైటీస్ లిండీ హాపర్స్' అను బృందమువారు లిండీ హాప్ నృత్యమును ఆడిరి. 1920ల చివర న్యూయార్కులోని హార్లెమ్‌లో రూపొందిన ఈ నృత్యము శాస్త్రగ్రంథమును బట్టి గాక, ఒకరిని చూచి మఱియొకరు నేర్చుకొనుటచే వ్యాపించినది. యుద్ధానంతరము దాని వ్యాప్తి సన్నగిల్లెను. 1980లలో స్వీడన్, ఇంగ్లండు, కాలిఫోర్నియాలకు చెందిన యువకులు పాత చిత్రములను పదేపదే చూచి అడుగులను గుర్తించిరి. పిదప జీవించియున్న నర్తకులను వెదకికొని పోయిరి. ఆ బృందమున ఆడినవాడు, పిదప తపాలాశాఖలో పనిచేసినవాడునగు ఫ్రాంకీ మానింగ్ (1914-2009) ఇట్లు వార్ధక్యమున మరల గురువయ్యెను. చిత్రములు లేనిచో అన్వేషణకు దారి దొరకుట కష్టము. గురువులు లేనిచో అడుగులోని తూగు తెలియుట కష్టము.

అయినను ఈ ఆధారమును విచక్షణతో గ్రహింపవలెను. మొదటిది, సంగీతమును ముందు రికార్డు చేసి, పిదప దానికి అనుగుణముగా నటింపజేసిరి. కావున తెరపై వాద్యకాని వ్రేళ్ల కదలిక వాదనమునకు ప్రమాణము కాదు. రెండవది, కెమెరా కొఱకు మూడు నిమిషములకు కుదించిన ఆట నృత్యశాలలో జనులాడిన ఆటకు సరిప్రతి కాదు. మూడవది, నల్లజాతివారిని హేళన చేయు వేషములు, రంగములు పెక్కు సౌండీలలో కలవు. కళాకారుని ప్రజ్ఞ యేదో, నిర్మాత విధించిన వేషమేదో వేఱుపఱిచి చూడవలెను.

తెలుగు సినిమాపాటయు ముందు రికార్డయి, పిదప చిత్రీకరింపబడుచు వచ్చినదే. సినిమాహాళ్ల వద్ద అమ్మిన పాటల పుస్తకములు పదములను నిలిపినవి. గ్రామఫోను రికార్డులు స్వరమును నిలిపినవి. నృత్తమును నిలిపినది చిత్రప్రతి యొక్కటియే. అది నశించినచో సాహిత్యము, సంగీతము మిగులును గాని నృత్యదర్శకుని రచన సమూలముగా పోవును. పాటను పరిశోధించువారు సాహిత్యమునకు శుద్ధప్రతిని వెదకునట్లే దృశ్యమునకును ప్రతులను వెదకుట, పోల్చుట, భద్రపఱచుట కర్తవ్యముగా గ్రహింపవలసియున్నది.