ఒక్క ఫైల్‌తో ఆగిన శంషాబాద్ కౌంటర్లు.. సాఫ్ట్‌వేర్ 'ఆర్కిటెక్చర్' అంటే అసలేంటి?

2024 జూలై 19, శుక్రవారం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కంప్యూటర్లు మొరాయించాయి. చేసేదేమీ లేక సిబ్బంది పెన్ను పట్టుకుని బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్న ఒక ప్రయాణికుడు తన చేతిరాత పాసును ఫొటో తీసి సోషల్ మీడియాలో పెడితే, అది ప్రపంచమంతా తిరిగింది.

విండోస్ తయారు చేసే మైక్రోసాఫ్ట్‌కు 1998 నుంచే హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైందీ ఆ ఏడాదే. అలాంటి ఊళ్లో, వేల మంది ఇంజినీర్లు ఉండి కూడా, ఆ రోజు విమానం ఎక్కడానికి పెన్నూ కాగితమే దిక్కయ్యాయి.

ఎందుకిలా జరిగింది? దీనికి జవాబు తెలుసుకుంటే, మన పిల్లల ఆఫీసుల్లో తరచూ వినిపించే 'సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్' అనే మాట కూడా అర్థమవుతుంది.

అసలు ఆ రోజు ఏం జరిగింది?

క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ కంప్యూటర్లను వైరస్‌లు, హ్యాకర్ల నుంచి కాపాడే ఫాల్కన్ అనే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. మన టైమ్ ప్రకారం ఆ రోజు ఉదయం 9.39కి కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ ఫైల్‌ను పంపింది. ఆ ఫైల్ 21 విలువల లెక్కతో తయారైంది. కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామ్ దగ్గర మాత్రం 20 విలువలే ఉన్నాయి. లేని 21వ దాని కోసం వెతకబోయి ప్రోగ్రామ్ కూలిపోయింది. దాంతో పాటు విండోస్ కూడా కూలి, నీలం స్క్రీన్ వచ్చింది.

తప్పు గమనించి 78 నిమిషాల్లో, అంటే 10.57కే ఆ ఫైల్‌ను వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో ఇవి ఒక్క శాతం కూడా కావు. అయినా అవి విమానాశ్రయాల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో ఉండటంతో ప్రపంచం అల్లాడింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. 20కీ 21కీ మధ్య వచ్చిన తేడా కోడ్ తప్పు. అలాంటి తప్పు ఏ ఇంజినీర్ చేతిలోనైనా జరగొచ్చు. ఒక చిన్న తప్పు 85 లక్షల మెషీన్ల దాకా ఎలా వెళ్లిందన్నది మాత్రం ఆర్కిటెక్చర్ ప్రశ్న. దీని వెనక మూడు పాత నిర్ణయాలు కనిపిస్తాయి.

ఒకటి: ఆ ప్రోగ్రామ్ విండోస్ గుండెకాయ లాంటి కర్నెల్‌లో నడుస్తుంది. మామూలు యాప్ పడిపోతే అదొక్కటే మూసుకుపోతుంది. కర్నెల్‌లో ఉన్నది పడితే మొత్తం కంప్యూటరే పడిపోతుంది. హ్యాకర్లను లోతుగా పసిగట్టాలంటే అక్కడే ఉండాలని ఆ నిర్ణయం తీసుకున్నారు.

రెండు: ఇలాంటి ఫైళ్లను ముందు కొద్దిమందికి పంపి చూసి, తర్వాత మిగతావారికి పంపే పద్ధతి అప్పుడు లేదు. కొత్త దాడులను వెంటనే ఆపాలి కాబట్టి అందరికీ ఒకేసారి పంపేవారు.

మూడు: కంప్యూటర్ ఆన్ అవుతూనే కూలిపోతుంటే, సరిచేసిన ఫైల్ దానికి చేరడం కష్టం. చాలా చోట్ల మనిషే వెళ్లి, ఒక్కో మెషీన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైల్‌ను చేత్తో తీసేయాల్సి వచ్చింది.

మొదటి రెండింటికీ అప్పట్లో కారణాలున్నాయి. కానీ మూడూ ఒకచోట కలిస్తే ఏమవుతుందన్నది ఆ శుక్రవారం బయటపడింది.

ఇల్లు కట్టడంతో పోలిస్తే..

పాతబస్తీలో ఇల్లు కట్టుకునే వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. గోడల రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తలుపు ఇటు నుంచి అటు పెట్టుకోవచ్చు. పునాది ఎంత లోతు, పిల్లర్లు ఎక్కడ అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. రేపు కొడుకు నికాహ్ అయ్యాక పైన ఇంకో అంతస్తు వేయాలంటే, ఆ బరువును ఈ రోజు వేసిన పిల్లర్లే మోయాలి.

సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే. తర్వాత మార్చాలంటే బాగా ఖర్చయ్యే నిర్ణయాలన్నీ కలిపితే అదే ఆర్కిటెక్చర్. ఏ ముక్క ఏ పని చేయాలి, ఏ ముక్క దేని మీద ఆధారపడాలి, ఒకటి పడితే ఇంకేవి నిలబడాలి.. ఇవే ఆ నిర్ణయాలు.

డిజైన్: హలీమ్ యాప్ ఒకటి గీద్దాం

రంజాన్ నెల. టోలీచౌకిలో ఒక హలీమ్ దుకాణం సొంత యాప్ పెట్టిందనుకుందాం. మధ్యాహ్నం దాకా ఆర్డర్లు పెద్దగా ఉండవు. అసర్ నమాజ్ తర్వాత మొదలై మగ్రిబ్‌కు ముందు ఒక్కసారిగా వచ్చి పడతాయి. యాప్‌లో ఆర్డర్, పేమెంట్, డెలివరీ ట్రాకింగ్, కస్టమర్ల రివ్యూలు.. ఈ నాలుగు పనులున్నాయి.

అన్నింటినీ కలిపి ఒకే ముద్దగా కడితే కట్టడం తేలిక, ఖర్చూ తక్కువ. కానీ రివ్యూల పేజీ బిగుసుకుపోతే ఆర్డర్ కూడా ఆగొచ్చు. విడివిడిగా కడితే రివ్యూలు పోయినా ఆర్డర్లు నడుస్తాయి. కాకపోతే నాలుగింటి మధ్య మాటలు నడిపించడానికి పనీ, ఖర్చూ పెరుగుతాయి.

పేమెంట్ సంగతి ఇంకా ముఖ్యం. 'పైసలు కట్ అయ్యాయి, ఆర్డర్ మాత్రం రాలేదు' అనే బాధ అందరికీ తెలిసిందే. నెట్ స్లోగా ఉంటే కస్టమర్ బటన్ రెండుసార్లు నొక్కుతాడు. ప్రతి ఆర్డర్‌కూ ముందే ఒక నంబర్ ఇచ్చి, 'ఈ నంబర్‌కు పైసలు ఒక్కసారే తీసుకోవాలి' అని రూల్ పెడితే ఎన్నిసార్లు నొక్కినా నష్టం లేదు. ఈ రూల్ మొదట్లోనే పెడితే చిన్న పని. లక్ష ఆర్డర్లు అయ్యాక పెట్టాలంటే పెద్ద తలనొప్పి.

పరీక్ష: కట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు

గీసిన ప్లాన్ మంచిదో కాదో కట్టకముందే తెలుసుకోవచ్చా? దీనికి అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఒక పద్ధతి తయారు చేసింది. పేరు ఏటీఏఎం. రిక్ కాజ్‌మన్, మార్క్ క్లైన్, పాల్ క్లెమెంట్స్ దీన్ని 2000లో వివరంగా రాశారు.

ఇందులో ఇంజినీర్లే కాదు.. వ్యాపారం చేసేవాళ్లు, వాడేవాళ్లు, రాత్రి ఫోన్ వస్తే లేచి సరిచేసేవాళ్లు అందరూ కూర్చోవాలి. 'యాప్ ఫాస్ట్‌గా ఉండాలి' లాంటి గాలిమాటలు కుదరవు. 'ఇఫ్తార్‌కు అరగంట ముందు, మామూలు కంటే పది రెట్లు ఆర్డర్లు వచ్చినా, మూడు సెకన్లలో ఆర్డర్ ఖాయం కావాలి' అని లెక్కతో చెప్పాలి. ఇలాంటి సన్నివేశాలను ఒక్కొక్కటిగా ప్లాన్ మీద నడిపించి చూస్తారు. ఎక్కడ ప్రమాదం ఉంది, ఏ లాభం కోసం దేన్ని వదులుకుంటున్నామన్నది రాసి పెడతారు.

అన్నింటికీ నప్పే ఒకే ప్లాన్ అంటూ ఉండదు. అమెజాన్‌నే చూడండి. 2019లో నానక్‌రామ్‌గూడలో దాదాపు 15 వేల మంది పనిచేసేలా భారీ క్యాంపస్ తెరిచిన కంపెనీ అది. పెద్ద ముద్దలాంటి సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టడంలో ముందు వరసలో ఉన్నదీ అదే. అయినా 2023లో ఆ కంపెనీ ప్రైమ్ వీడియో విభాగం ఇంజినీర్లు రివర్స్‌లో వెళ్లారు. వీడియో నాణ్యతను చూసే ఒక టూల్‌ను ముక్కల నుంచి మళ్లీ ఒకే ముద్దగా మార్చి, దాని నిర్వహణ ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని రాశారు. విడగొట్టడం గొప్పా, కలపడం గొప్పా అన్న వాదన కన్నా, ఆ పనికి ఏది సరిపోతుందన్నదే ప్రశ్న.

పడిపోతే ఎలా అన్నదానికీ ఖర్చుంది. అమెజాన్ క్లౌడ్ విభాగం ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్ 22న హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. అందులో మూడు జోన్లున్నాయి. ఒకదానికొకటి దూరంగా, విడి కరెంటుతో నడుస్తాయి. ఒక జోన్‌లో కరెంటు పోయినా మిగతా రెండూ ఉంటాయి. కానీ మూడు చోట్లా నడిచేలా యాప్‌ను కట్టుకోవాల్సింది యాప్ యజమానే. ఒక్కదాంట్లోనే పెట్టుకుంటే మిగతా రెండూ ఉన్నా ఉపయోగం లేదు.

ఈ కళ్లతో శంషాబాద్ వైపు మళ్లీ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ చేతిరాత పాసు చూసి అందరూ నవ్వుకున్నారు. నిజానికి ఆ రోజు ప్రయాణికులను విమానం ఎక్కించింది అదే. కంప్యూటర్ పడిపోయినా నడిచే రెండో దారి ఒకటి ఉంది, సిబ్బందికి అది తెలుసు. మంచి ఆర్కిటెక్ట్ వెతికేది సరిగ్గా అలాంటి రెండో దారినే.

మార్పు: నడుస్తున్న బండికి చక్రం మార్చడం

కట్టిన సాఫ్ట్‌వేర్ అలాగే ఉండిపోదు. చట్టాలు మారతాయి, కస్టమర్లు పెరుగుతారు, తొందరలో చేసిన పనులు పేరుకుపోతాయి. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో దీన్ని అప్పుతో పోల్చారు. తొందరగా పని ముగించడానికి ఇప్పుడు సర్దుకుపోవడం అప్పు తీసుకోవడం లాంటిది. దాన్ని తీర్చకుండా వదిలేస్తే, తర్వాత చేసే ప్రతి పనిలో అదనపు కష్టం రూపంలో వడ్డీ కడుతూనే ఉండాలి. వడ్డీ ఇల్లు ఎలా గుల్ల చేస్తుందో మన కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మరి పాతదాన్ని కూల్చి కొత్తది కట్టేయొచ్చు కదా? బ్యాంకునో, ఆస్పత్రినో నెల రోజులు మూసి సాఫ్ట్‌వేర్ మార్చడం కుదరదు. తాటిచెట్టు మీద మర్రి మొలవడం ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. వేళ్లు మెల్లగా కిందికి దిగి, కొన్నేళ్లకు మర్రి తన కాళ్ల మీద నిలబడుతుంది, లోపలి తాటిచెట్టు పోతుంది. ఆస్ట్రేలియా అడవుల్లో ఇలాంటి చెట్లు చూసిన మార్టిన్ ఫౌలర్ అనే నిపుణుడు, 2004లో సాఫ్ట్‌వేర్ మార్చే పద్ధతికి ఆ పేరే పెట్టారు. పాత సిస్టమ్ నడుస్తుండగానే ఒక్కో పనిని కొత్తదానికి మళ్లిస్తారు. ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క పనిని వెనక్కి తిప్పుతారు.

క్రౌడ్‌స్ట్రైక్ కూడా ఆ దెబ్బ తర్వాత ఇదే పాఠం నేర్చుకుంది. అప్‌డేట్లను ముందు కొద్ది మెషీన్లకు, తర్వాత దశలవారీగా మిగతావాటికి పంపడం మొదలుపెట్టింది. ఎప్పుడు తీసుకోవాలో ఎంచుకునే వీలు కస్టమర్లకూ ఇచ్చింది.

ఇంకో చిన్న అలవాటు కూడా మార్పును తేలిక చేస్తుంది. పెద్ద నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ ఒక పేజీ రాసి పెట్టుకోవడం: అప్పటి పరిస్థితి ఏంటి, ఏం నిర్ణయించాం, దాని ఫలితాలేంటి. అమెరికన్ ఇంజినీర్ మైఖేల్ నైగార్డ్ 2011లో ఈ పద్ధతి చెప్పారు. నిర్ణయం తీసుకున్న మనిషి కంపెనీ మారిపోయినా, కారణం మాత్రం కాగితం మీద ఉంటుంది.

మన పిల్లలకు ఇది ఎందుకు?

ఈ రోజుల్లో ఏఐ టూల్స్ కూడా కోడ్ రాసేస్తున్నాయి. అప్పుచేసి ఇంజినీరింగ్ చదివించిన ఇళ్లలో 'మా వాడి ఉద్యోగం ఉంటుందా?' అన్న భయం ఉంది. కోడ్ రాయడం తేలికయ్యే కొద్దీ, ఏం కట్టాలి, ఏది పడితే ఏది నిలబడాలి అని తేల్చే మనిషి విలువ పెరుగుతుంది. తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది కూడా ఆ మనిషే.

ఈ విద్య నేర్చుకోవడానికి దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్‌పై జరిగే అంతర్జాతీయ సదస్సు ఐసీఎస్ఏ, 2024 జూన్ 4 నుంచి 8 వరకు హైదరాబాద్‌లోనే జరిగింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ దానికి ఆతిథ్యం ఇచ్చింది.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా, పైథాన్ నేర్పుతారు. అవీ కావాలి. వాటితో పాటు, చదువుకుంటున్న అబ్బాయైనా అమ్మాయైనా ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకోగల పని ఒకటుంది. రోజూ వాడే ఒక యాప్‌ను తీసుకుని, దాని పనులను కాగితం మీద డబ్బాలుగా గీయాలి. ఏది దేని మీద ఆధారపడిందో గీతలతో కలపాలి. తర్వాత ఒక్కో డబ్బాను చేత్తో మూసి అడగాలి: ఇది ఆగితే ఇంకేవి ఆగుతాయి? వాడేవాడికి రెండో దారి ఏంటి? దీన్ని మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈసారి ఇంట్లో 'ఇవాళ ఆఫీసులో ఏం చేశావు బేటా?' అని అడిగినప్పుడు, ఈ ప్రశ్నల్లో ఒకటి కూడా అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోయినా ఫర్వాలేదు. ఆలోచించడం మొదలైతే చాలు.