వాట్సాప్ గ్రూపులో తప్పిపోయే పనికి టెర్మినల్‌లో ఓ లెక్క

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో నలుగురు కలిసి కిరాణా షాపుల ఉద్దెర లెక్కలకు యాప్ చేస్తున్నారనుకోండి. "బాకీ రెండింతలు చూపిస్తోంది, ఎవరైనా చూడండి" అని ఒకరు వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రానికి దానిమీద వంద మెసేజ్‌లు పడతాయి. అదే తప్పును ఇద్దరు విడివిడిగా సరిచేస్తారు, లేదంటే ఎవ్వరూ ముట్టుకోరు. వైవాలో సార్ "ఇందులో నువ్వేం చేశావమ్మా?" అని అడిగితే, ఇంట్లో రాత్రుళ్లు కూర్చుని సగం పని చేసిన అమ్మాయి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

దీనికి సాఫ్ట్‌వేర్ వాళ్లు వాడేది ఇష్యూ ట్రాకర్. ప్రతి పనికీ ఒక నంబరు, చేసేవాళ్ల పేరు, తెరిచిన తేదీ, మూసిన తేదీ ఉంటాయి. కామర్స్ చదివినవాళ్లకు వోచర్ నంబర్ అంటే వెంటనే అర్థమవుతుంది.

ప్రాజెక్టు గిట్‌హబ్‌లో ఉంటే ఈ పనంతా బ్రౌజర్ తెరవకుండానే చేయొచ్చు. అందుకు గిట్‌హబ్ సీఎల్ఐ అనే ఉచిత టూల్ ఉంది. దాని 1.0 వెర్షన్ 2020 సెప్టెంబర్‌లో వచ్చింది. టెర్మినల్‌లో దాని పేరు జీ, హెచ్ అనే రెండు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. మొదట 'జీహెచ్ ఆథ్ లాగిన్' కొట్టి అకౌంట్ కలపాలి. తర్వాత ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉండి 'జీహెచ్ ఇష్యూ క్రియేట్' అంటే టైటిల్, వివరాలు అడుగుతుంది. 'జీహెచ్ ఇష్యూ లిస్ట్' అంటే ఇంకా మూయని పనులు వరసగా కనిపిస్తాయి.

కమాండ్లు పది నిమిషాల్లో వచ్చేస్తాయి. అసలు కష్టం ఇష్యూ రాయడంలోనే. "బాకీ తప్పొస్తోంది" అని రాస్తే చదివినవాడు మళ్లీ ఫోన్ చేయాల్సిందే. "కొత్త ఖాతాలో 500 ఉద్దెర రాశాను. బాకీ 500 రావాలి, 1,000 వచ్చింది" అని రాస్తే ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టొచ్చు. ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ ఉంటే చాలు.

సరిచేశాక కోడ్ సేవ్ చేసేటప్పుడు కమిట్ మెసేజ్‌లో 'ఫిక్సెస్' అనే మాట, హాష్ గుర్తు, ఇష్యూ నంబరు రాయాలి. ఆ కోడ్ మెయిన్ బ్రాంచ్‌లో కలవగానే ఇష్యూ దానంతటదే మూసుకుంటుంది. ఏ పని ఎవరి కోడ్‌తో పూర్తయిందో అక్కడే నమోదవుతుంది. వైవాలో ఆ అమ్మాయి చూపించాల్సింది ఆ పేజీనే.

ఇంట్లో నెట్ సరిగా రాదా? గిట్-బగ్ అనే మరో టూల్ ఇష్యూలను గిట్‌లోనే దాస్తుంది. ఆఫ్‌లైన్‌లో రాసుకుని, నెట్ వచ్చాక పంపుకోవచ్చు. కాకపోతే నలుగురూ దాన్నే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. పబ్లిక్ ప్రాజెక్టులో రాసిన ఇష్యూ ప్రపంచమంతా చదవొచ్చు. షాపు కస్టమర్ల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు అందులో పెట్టకూడదు. పొరపాటున పాస్‌వర్డ్ పెడితే, ఎడిట్ చేసి చెరిపినా పాత రూపం హిస్టరీలో ఉండిపోతుంది. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయాలి.