హెల్త్ రికార్డ్స్: కవర్ నిండా రిపోర్టులున్నా డాక్టర్‌కు కావాల్సింది ఒక్క పేజీనే.. ఎందుకో తెలుసా?

లింగంపేటలో బీపీ, షుగర్ ఉన్న ఓ పెద్దాయన ఉన్నారనుకుందాం. జ్వరమొస్తే ఎల్లారెడ్డి, టెస్టులకు కామారెడ్డి, గుండెలో నొప్పంటే హైదరాబాద్. ఒక్కో చోట ఒక్కో చీటీ. ఏడాది తిరిగేసరికి కవర్ నిండా కాగితాలే. బయట క్యూ ఉంటే డాక్టర్‌కు దొరికేది కొన్ని నిమిషాలే. ఆ కుప్పలో 'పెన్సిలిన్ పడదు' అన్న ఒక్క లైన్ మిస్సయితే? ప్రాణాల మీదకే రావొచ్చు.

కంప్యూటర్‌లో ఎక్కిస్తే చాలా?

చాలదు. కాగితాలన్నీ స్కాన్ చేసి పెడితే, కవర్‌లోని కుప్ప స్క్రీన్ మీదకు మారుతుందంతే. పాత నోట్సే మళ్లీ మళ్లీ కాపీ చేస్తే అసలు విషయం ఇంకా కిందకి పోతుంది. అమెరికా డాక్టర్ లారెన్స్ వీడ్ 1968లోనే దీనికో దారి చూపించారు. రికార్డును తేదీల వారీగా కాకుండా, రోగికున్న సమస్యల వారీగా రాయాలన్నారు.

పైన ఏముండాలి?

* ఇప్పుడున్న జబ్బులు
* రోజూ వాడే మందులు, డోసు
* పడని మందులు
* అయిన ఆపరేషన్లు
* ముఖ్యమైన టెస్టులు, పాత రీడింగ్స్‌తో పక్కపక్కనే

ఈ చివరిది చాలా కీలకం. క్రియాటినిన్ ఒక్కసారి చూస్తే మామూలుగానే అనిపించొచ్చు. వరుసగా పెరుగుతోందని కనిపిస్తే కిడ్నీపై అనుమానం వస్తుంది. అప్పుడు నొప్పి గోలీలు రాసే ముందు డాక్టర్ ఆలోచిస్తారు.

మన దగ్గర ఏం జరిగింది?

తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ పైలట్ ప్రాజెక్టు మొదలైంది. 18 ఏళ్లు దాటినవారి వివరాలను సిబ్బంది ఇంటింటికీ వెళ్లి సేకరించారు. ఇక కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబర్ ఇస్తారు. వేర్వేరు ఆస్పత్రుల రికార్డులను దీనికి లింక్ చేసుకోవచ్చు. మీరు ఓకే అంటేనే డాక్టర్‌కు అవి కనిపిస్తాయి.

మీరు చేయాల్సిందేంటి?

పైన చెప్పిన ఐదు విషయాలు ఒక కాగితం మీద రాసి, ఫైల్‌లో అన్నిటికంటే పైన పెట్టండి. ఫోన్‌లో ఫొటో కూడా ఉంచుకోండి. మందు మారిన ప్రతిసారీ తేదీ వేసి మార్చండి. పాత రిపోర్టులు మాత్రం పారేయొద్దు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని ఇవాళే చేసేయండి.