వార్తల్లో పదం: వెబ్‌సైట్ విధానాలు

నల్గొండ జిల్లా అధికారిక వెబ్‌సైట్‌లోని పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం వివరాలను మీ పుస్తకంలో వేసుకోవాలనుకున్నారనుకోండి. సర్కారు సొమ్మే కదా, అడిగేదెవరు అనిపిస్తుంది. అడుగుతారు. పేజీ అట్టడుగున ‘వెబ్‌సైట్ విధానాలు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంతదాకా వెళ్లేవారు తక్కువే. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) రూపొందించే జిల్లా సైట్లన్నిటా దాదాపు ఒకే షరతులు: మెయిల్‌తో అనుమతి తీసుకుంటే వాడకం ఉచితం. ఉన్నదున్నట్టు వేయాలి, కించపరిచేలా వాడకూడదు, ఎక్కడిదో చెప్పాలి.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనలపై హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు ప్రభుత్వానిదే. గెజిట్‌లో వచ్చినవాటికి, కోర్టు తీర్పులకు 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. తెలుగు వికీపీడియాలో ఊళ్ల గురించి రాసేవారికి చిక్కు ఇక్కడే. ఎవరైనా మార్చుకోవడానికి, అమ్ముకోవడానికి వీలున్న పాఠమే అక్కడ చెల్లుతుంది. కాబట్టి జిల్లా సైట్ నుంచి సమాచారం తీసుకోవచ్చు గానీ వాక్యాలు సొంతవి కావాలి.

ఇక ఆ విధానాల్లోనే ఉండే గోప్యత సంగతి. మీ పేరు, ఫోన్ నంబరు సైట్ దానంతటదే తీసుకోదు. ఐపీ అడ్రస్, బ్రౌజర్, వచ్చిన సమయం, తిరగేసిన పేజీలు మాత్రం నమోదవుతాయి. సైట్‌ను దెబ్బతీయాలని చూస్తే తప్ప ఆ అడ్రస్ ఎవరిదో ఆరా తీయరట. ఇది హామీ మాత్రమే. అసలు బలం 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానిది. డేటా భద్రతలో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. అయితే ప్రభుత్వ సంస్థలను దీని నుంచి మినహాయించే అధికారాన్ని 17వ సెక్షన్ కేంద్రానికే ఇచ్చింది.