రెక్కల దారిలో మజిలీ

కాన్సాస్ మీదుగా కారులో వెళ్లొచ్చినవాళ్లను ‘అక్కడ ఏముంది?’ అని అడగండి. ‘గడ్డి, గోధుమ చేలు, గాలి’ అంటారు చాలామంది. ఎత్తైన పర్వతాలు లేవు, సముద్రం లేదు కాబట్టి చూడటానికీ ఏమీ లేదనుకుంటారు. దక్షిణ అమెరికా నుంచి ఆర్కిటిక్‌కు గుడ్లు పెట్టడానికి బయల్దేరిన పిట్టకు మాత్రం ఈ నేల దారిమధ్య దొరికే సత్రం. ఇక్కడ తిండీ నీరూ దొరికితేనే దాని ప్రయాణం ముందుకు సాగుతుంది. అమెరికా నడిబొడ్డున ఉన్న కాన్సాస్, నెబ్రాస్కాల్లో పక్షుల్ని చూసే చోట్లు చాలానే ఉన్నా, ఈ నాలుగూ తప్పక చూడాల్సినవి.

బురదే బువ్వ

గ్రేట్ బెండ్ పట్టణం పక్కనే ఉంది షయాన్ బాటమ్స్. 41 వేల ఎకరాల పల్లం ఇది. అమెరికా లోతట్టు ప్రాంతంలో అతి పెద్ద చిత్తడి నేలగా దీనికి పేరు. రాకీ పర్వతాలకు తూర్పున వసంతంలో వలసవెళ్లే తీరపక్షుల్లో దాదాపు 45 శాతం ఇక్కడ ఆగుతాయని అంచనా. ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య వరకూ వెళ్తే చీలమండ లోతు నీళ్లలో ఉల్లంకి పిట్టలు వేల సంఖ్యలో కనిపిస్తాయి. ముక్కులు బురదలో గుచ్చుతూ క్షణం ఆగకుండా తింటూనే ఉంటాయి. వాటికి కావలసింది ఆ బురదలోని సన్నటి ఎర్రపురుగులు. పిడికెడంత పిట్ట వేల మైళ్లు ఎగరడానికి కావలసిన కొవ్వును ఇక్కడే కొద్దిరోజుల్లో కూడబెట్టుకుంటుంది. నీరు మరీ లోతైతే ముక్కు అందదు, పూర్తిగా ఎండితే పురుగు ఉండదు. అందుకే ఇక్కడి సిబ్బంది గట్లు, తూముల సాయంతో నీటిమట్టాన్ని కనిపెట్టి చూసుకుంటూ ఉంటారు.

ఉప్పునేల అతిథులు

అక్కడి నుంచి దక్షిణంగా గంటలోపు ప్రయాణం చేస్తే క్వివీరా జాతీయ వన్యప్రాణి సంరక్షణ కేంద్రం వస్తుంది. 1955లో ఏర్పాటైన ఈ 22 వేల ఎకరాల్లో ఉప్పు చిత్తడులు, ఇసుక దిబ్బలు, గడ్డిభూములు కలగలిసి ఉంటాయి. వేసవిలో తెల్లగా మెరిసే ఉప్పు పర్రల మీద స్నోయీ ప్లోవర్లు, లీస్ట్ టర్న్‌లు నేలమీదే గుడ్లు పెడతాయి. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వస్తే అదృష్టం ఉన్నవాళ్లకు వూపింగ్ క్రేన్ కనిపిస్తుంది. అయిదడుగుల ఎత్తు, తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కల కొసలు... ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పొడవైన పక్షి లేదు. 1941 నాటికి ప్రపంచం మొత్తమ్మీద పాతికలోపే మిగిలాయవి. కెనడాలోని వుడ్ బఫెలో పార్కు నుంచి టెక్సస్‌లోని అరాన్సస్ తీరానికి ఏటా దాదాపు 4 వేల కిలోమీటర్లు తిరిగే ఆ గుంపు ఇప్పుడు 500 దాటింది. పట్టుదలగా కాపాడితే పోయే జాతి నిలబడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నాగలి దిగని నేల

ప్రెయిరీ అనే పొడవు గడ్డి మైదానం ఒకప్పుడు 17 కోట్ల ఎకరాల్లో పరచుకుని ఉండేది. అందులో నాలుగు శాతం కూడా మిగల్లేదు. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది. కారణం చాలా సాదాసీదా... పైమట్టి పలచన, కింద సున్నపురాయి, చెకుముకి రాయి. నాగలి దిగక రైతులు దున్నడం మాని పశువుల్ని మేపుకున్నారు, గడ్డి బతికిపోయింది. స్ట్రాంగ్ సిటీ దగ్గర 1996లో ఏర్పాటైన టాల్‌గ్రాస్ ప్రెయిరీ జాతీయ సంరక్షణ ప్రాంతంలో దాదాపు 11 వేల ఎకరాల గడ్డి, అందులో తిరిగే అడవిదున్నలు ఉన్నాయి.

ఈ కొండల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున గ్రేటర్ ప్రెయిరీ చికెన్ల ఆట చూడాలి. మగపక్షులు పొట్టిగడ్డి ఉన్న మిట్టమీద చేరి, మెడ పక్కల నారింజరంగు గాలిసంచులు ఉబ్బించి, కాళ్లతో నేలను దడదడలాడిస్తాయి. ఆ బొంగురు మోత మైలు దూరం దాకా వినిపిస్తుంది. ఆటకు పొట్టిగడ్డి కావాలి, గూటికి ఏపుగా పెరిగిన గడ్డి కావాలి. అందుకే మొత్తం గడ్డికి ఒకేసారి కాకుండా ముక్కలు ముక్కలుగా నిప్పుపెట్టడమే ఈ పక్షికి మేలు. అసలు మంటే లేకపోతే చెట్లు కమ్ముకుని ప్రెయిరీ అడవిగా మారిపోతుంది.

నదిలో రాత్రి బస

నెబ్రాస్కాలో కర్నీ పట్టణం దగ్గర ప్లాట్ నదిది మరో వైభవం. మార్చిలో లక్షల శాండ్‌హిల్ క్రేన్లు, అంటే మన సారస పక్షుల చుట్టాలు, ఇక్కడికి చేరతాయి. ప్రపంచంలోని ఈ జాతి పక్షుల్లో దాదాపు 80 శాతం ఈ నదీతీరం మీదుగానే వెళ్తాయి. పగలంతా పొలాల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకుంటాయి, చీకటి పడగానే నది మధ్య లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. నక్కలూ కొయోట్‌లూ వస్తే నీటి చప్పుడుకే మెలకువ వస్తుంది. ఆడుబాన్ సంస్థకు చెందిన రో శాంక్చురీలో మరుగుగదుల్లో కూర్చుని వీటిని చూడొచ్చు. సూర్యోదయానికి ముందే లోపలికి చేరాలి, మాట్లాడకూడదు.

నీళ్ల వాటా ఎవరిది?

ఈ నాలుగు చోట్లూ వాటంతటవే మిగల్లేదు. ఎగువన బోర్లు నీళ్లు తోడేస్తుంటే షయాన్ బాటమ్స్‌కు రావలసిన వాల్‌నట్ క్రీక్ సన్నబడింది. దాంతో 1992లో కాన్సాస్ రాష్ట్రం ఆ పరీవాహకంలో భూగర్భజలాల వాడకానికి కోత పెట్టింది. 1957 నాటి నీటి హక్కు ఉన్నా, క్వివీరాకూ ఎగువ రైతులకూ మధ్య రాటిల్‌స్నేక్ క్రీక్ నీటి పేచీ ఏళ్లుగా నలుగుతూనే ఉంది. రైతుకూ పంట కావాలి, నిజమే. కానీ పక్షికి కోర్టుకెళ్లే దారి లేదు, దాని తరఫున మనుషులే నిలబడాలి. గడ్డిభూముల పరిస్థితీ అంతే. 1970 నుంచి ఉత్తర అమెరికాలో వాటి పక్షులు సగానికి పైగా, 53 శాతం తగ్గాయని 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది.

ఇది మనకు దూరపు కథ కాదు. అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా క్వివీరాకు రామ్‌సర్ గుర్తింపు దక్కిన 2002లోనే మన కొల్లేరుకూ దక్కింది. బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేసిన రోళ్లపాడు గడ్డిభూముల్లో ఇప్పుడు ఆ పిట్ట కనిపించడమే గగనమైంది. గడ్డిని బీడు అనీ, చిత్తడిని పనికిరాని నేల అనీ లెక్కగట్టినచోట జరిగేది ఇదే.

కాన్సాస్ సిటీ, విచిటా, ఒమాహాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ చోట్లన్నీ వారాంతంలో వెళ్లి రాగల దూరమే. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. చిత్తడుల దగ్గర కారు దిగకుండా అద్దంలోంచే చూడండి, కారుకు బెదరని పక్షి మనిషిని చూస్తే లేచిపోతుంది. గూళ్ల దగ్గరికి వెళ్లకండి. అమెరికా ప్రభుత్వం అమ్మే పాతిక డాలర్ల డక్ స్టాంపు కొనండి, అందులో 98 శాతం చిత్తడి నేలల రక్షణకే వెళ్తుంది. తెలుగునాట ఉన్నవాళ్లు ఈ చలికాలం పిల్లల్ని తీసుకుని కొల్లేటికి, అక్కడి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి. చూసినవాళ్లే ఆ నీటి కోసం గొంతెత్తుతారు.